బ్రష్షు మీద బావ

దువ్వెన అంటే ఏం పోయేది వీళ్లకి, గడ్డిని దువ్వే సామానుకి బ్రష్షు అని పేరు, పోనీ బ్రష్షే అనుకుందాం, బ్రష్షు మీద ఎవడైనా ఎక్కి నిలబడతాడా, మా బావ నిలబడ్డాడు, ఇదిగో నా ట్రాక్టరు వెనకాల, లుంగీ ఎగ్గట్టి, కాళ్లు ఎడంగా పెట్టి, నా సీటుకు కట్టిన తాడు ఒంటిచేత్తో పట్టుకుని, ఊరేగింపులో దేవుడిలా, వెనక్కి తిరిగినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతోంది, ఆయనేమో నవ్వుతున్నాడు, ఏట్రా త్రినాథూ, మాటిమాటికీ నన్ను సూస్తావు, ముందు సూసి తోలు అంటున్నాడు, ముందు చూడాలట, ముందేముంది, గ్రౌండంతా దువ్వేశాం, ఇక మిగిలింది గట్టు, రేపటి మ్యాచ్‌కి వచ్చే పెద్దలు కూర్చునే గడ్డి గట్టు, ఊరికే నడిచి ఎక్కితేనే పిక్కలు లాగేస్తాయి, అంత ఏటవాలు, దాని మీదకి ఈ మనిషిని ఈడ్చుకుంటూ పోవాలట, ఎవరన్నారు, ఏవో గారన్నారు.

నరసింగరావు గారు, ఈ కాలేజీకి ఏవో, అంటే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు, బస్సులకీ క్యాంటీనుకీ గ్రౌండుకీ అన్నిటికీ ఆయనే, అదిగో గొడుగు కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, హుద్‌హుద్ తుపానుకి పాడైన గడ్డిని మళ్లీ వేయించారు, ఈ బ్రష్షు తెప్పించారు, అంతవరకూ బాగానే ఉంది, బరువు కావాలంటే ఇసక బస్తాలు పెట్టుకోమని తయారుచేసినవాడు దాని మీద ఇనప తొట్టె కూడా పెట్టాడు కదా, పక్కనే బొమ్మ కూడా అంటించాడు, నిలబడ్డ మనిషి, ఆ మనిషి మీద ఎర్రటి అడ్డగీత, చదువు అక్కర్లేదు, కళ్లుంటే చాలు, ఇసక ఎవడు మోస్తాడు, ఒక మనిషి నిలబడితే చాలన్నారు ఏవో గారు, ఆ బొమ్మని వేలు పెట్టి చూపించాను, అది ఫారినోళ్లకయ్యా, వాళ్లు మనిషికో బస్తా బరువుంటారు, మన ఎల్లాజీ ఎంతుంటాడు అన్నారు మా బావని చూపించి, అందరూ నవ్వారు, బావ కూడా నవ్వాడు, నవ్వి ఊరుకున్నాడా, ఇసకెందుకండీ బాబూ, నానున్నాను కదా అంటూ ఎక్కేశాడు, రెండో మాట అనిపించుకోకుండానే ఎక్కేశాడు, ఏవో గారి మీద కోపం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు, ఈ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గేర్ల మీద చూపిస్తున్నాను.

అక్కడే ఉంది మావాళ్ల రోగమంతా, మా ఊళ్లో దమ్ము పట్టిన బురద మడిని చదును చెయ్యాలంటే ఎద్దుల వెనక చెక్క పలక కడతారు, పలక తేలిపోకుండా మనిషి దాని మీద నిలబడతాడు, బావ ఆ పనిలో మొనగాడు, మా నాన్న అక్కకి సంబంధం చూడబోయినప్పుడు ఇంట్లోకి కూడా వెళ్లలేదు, పొలంలోనే పలక మీద ఒరగకుండా మడి చివరికంటా వెళ్లిన ఈయన్ని చూసి, గట్టు మీదే మాట ఇచ్చేసి వచ్చాడు, సరే, మొనగాడే, ఎవరు కాదన్నారు, కానీ ఇది మడి కాదే, కింద మెత్తటి బురద లేదే, ఇనప పళ్లున్నాయే, ఇందాక మలుపులో జారి కాలు కింద పెట్టాడు, కాలు వెనక్కొచ్చింది, చెప్పు రాలేదు, ఆ పళ్ల కింద పడి బయటికొచ్చిన చెప్పు తరిగిన తోటకూరలా ఉంది, దాన్ని ఎత్తి అందరికీ చూపించి, పాత సెప్పేలేరా అన్నాడు, చెప్పు పాతదే, కాలో, కాలు బజార్లో దొరుకుతుందా, పొద్దున్న అక్క క్యారేజీ చేతికిస్తూ, ఒరే తమ్ముడూ, నలుగురు సూస్తంటే మీ బావకి ఒళ్లు తెలీదు, నువ్వే సూసుకో అంది, చూసుకుంటున్నానే అక్కా, వెనక్కి తిరిగి తిరిగి మెడ పట్టేసింది, ఇంకెలా చూసుకోను.

గట్టు దగ్గరికి వచ్చేశాం, ఇంకాస్త పోతే ట్రాక్టరు ముక్కు పైకి లేస్తుంది, ఎక్కేటప్పుడు జారితే బావ వెనక్కి పడతాడు, దెబ్బలతో పోతుంది, దిగేటప్పుడు ఈ బ్రష్షు వెనక నుంచి ట్రాక్టరునే తోస్తుంది, అప్పుడు ముందుకి పడ్డాడంటే ఆ పళ్ల కిందకే, నా కళ్లముందే, ఛ, దిగు బావా, దిగిపో, ఇసక నేను మోసుకొస్తాను, ఓరి నీ భయం పాడుగాను, పలక మీంచి నానెప్పుడైనా పడ్డానేట్రా, నలుగుర్లో నా పరువు తీస్తావేటి, అంటూ తాడుని ఇంకో చుట్టు చేతికి చుట్టుకున్నాడు, చూడు, చేతికి చుట్టుకున్నాడు, పడితే తాడు కూడా వదలదు, ఎప్పుడూ పడలేదట, అబద్ధం, కోటయ్య మెరక మడిలో పడ్డావు బావా, నేను అక్కడే నారు మోస్తున్నాను, ముందుకే పడ్డావు, పలక ముందుకి, ఎద్దుల వెనక్కాళ్ల దగ్గరికి, మరి నీకేం కాలేదేం, బురదలోంచి లేచి మీసం తుడుచుకున్నావేం, ఎందుకంటే వెనక బరువు పోయిందని ఎద్దులకి తెలిసింది, ఎవరూ హో అనకముందే ఆగిపోయాయి, ఇన్నేళ్లూ నీ కాళ్లు నిన్ను కాపాడాయని నువ్వు మురిసిపోయావు, మేమూ మురిశాం, మా నాన్న పిల్లనే ఇచ్చాడు, కాపాడింది ఆ ఎద్దులు బావా, ఈ ట్రాక్టరుకి వెనక ఎవరున్నారో, ఉన్నవాడు పడ్డాడో తెలియదు, నాకూ తెలియదు, ఈ మోతలో నీ కేక వినబడి నేను వెనక్కి తిరిగేలోపల, నేను వెనక్కి తిరిగేలోపల ఏమవుతుందో, మరి ఎవరి మీదరా నా కోపం, ఏవో గారు కుర్చీలో ఉన్నారు, బావ బ్రష్షు మీద ఉన్నాడు, క్లచ్చు మీద ఉన్నది ఎవరి కాలు, నాది, నేను తోలకపోతే బావ ఎంతసేపు నిలబడితే మాత్రం ఏమవుతుంది, పొద్దుట్నుంచీ అందరినీ తిట్టుకుంటూ తోలుతూనే ఉన్నాను, వెనక్కి చూడటం కాదు, ఆగాలి, క్లచ్చూ బ్రేకూ కలిపి గట్టిగా నొక్కాను, గట్టు మొదట్లోనే చదును మీద ఆపాను, ఇంజను కట్టేసి తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాను, గ్రౌండంతా నిశ్శబ్దమైపోయింది, గొడుగు కింద నుంచి ఏవో గారి అరుపు, ఏటయ్యా, ఎద్దులాగ ఆగిపోయావేటి, ఈ మాట ఇంకొక రోజు అని ఉంటే రోషం వచ్చేది, ఇప్పుడు రాలేదు, అవునండీ, ఎద్దులాగే ఆగాను.