అమ్మమ్మ నోటి పాట

ఈ ఉక్కకి బాంజో తోలు మళ్ళీ వదులైపోయింది, శ్రుతి నిలవడం లేదు, నిలిచినా ఏం లాభం, ఇంకాసేపట్లో కోర్టు ముందు పాటల పండగకి కట్టిన వేదికెక్కి ఏమని చెప్పాలి డెల్ఫా, ఈ కెంటకీ కొండల్లో పాట ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పకుండా మొదలెడితే దొంగతనం కిందే లెక్క, ఇన్నేళ్ళూ తను చెప్పింది ఒకటే, ఇది మా ఓవా అమ్మమ్మ పాట, ఆవిడకి వాళ్ళమ్మ నేర్పింది, వాళ్ళమ్మకి సముద్రం దాటొచ్చిన ముసలమ్మ నేర్పింది, అంత పాతదా అని జనం టోపీలు తీసేవారు, ఇప్పుడేమో జెల్లా చిన్నమ్మమ్మ, అమ్మమ్మకి స్వయానా చెల్లెలు, మడత కుర్చీలో కూర్చుని సోడా తాగుతూ, ఏ పాటే, ఆ మిల్లు దొర పాటా, పాతదేంటే పిచ్చిమొహమా, మా అక్క కట్టిందే అది, వరండాలో చిక్కుడుకాయలు దారానికి గుచ్చుతూ కట్టింది, ఒకచోట మాట కుదరకపోతే నేనే అందించా, అని పకపకా నవ్వి, ఆపిల్ కజ్జికాయ ఇంకోటుందా అని అడిగింది.

ఒళ్ళు మండిపోతోంది, పాటలు ఎవరూ కట్టరే, దొరుకుతాయి, అనేది కదా అమ్మమ్మ, కళ్ళు మూసుకో, ముఖం రాయిలా పెట్టు, ఏడవకు, నవ్వకు, పాట నీది కాదు అనేది, అదే వేదమనుకుంది డెల్ఫా, చర్చిలో పెద్దాయన పాదం అందిస్తే జనమంతా సాగదీసి పాడే కీర్తనల్లోంచి రాగం, మామయ్య బాంజోలోంచి దరువు, చచ్చిపోయినవాళ్ళ మాటల్లోంచి చరణాలు ఏరుకొచ్చి తన పాటలు అతికింది, మొగుడు వదిలేసి వెళ్ళిన ఏడాది కూడా సొంత ఏడుపు ఒక్క ముక్క పాటలో పడనివ్వలేదు, నేను రాశానని ఎక్కడా అనలేదు, దొరికింది అనే అంది, పత్రికలవాళ్ళు ఎంత వినయమో అన్నారు, వినయమా నా బొందా, మరి ఆ దొరెవరు చిన్నమ్మమ్మా, పెళ్ళాం చేతుల్లో మడుగులో మునిగి చచ్చిన ఆ దొర, అంటే ముసలావిడ మూతి తుడుచుకుని, ఇంకెవరే, మీ తాత వెర్లిన్, గనిలోంచి తిన్నగా సారా కొట్టుకి పోయి, ఇంటికొచ్చి మా అక్కని గొడ్డుని బాదినట్టు బాదేవాడు, ముంచడం మటుకు జరగలేదు, దాని కోరికంతే, పేరు పెట్టి పాడితే బతకనిస్తాడా, అందుకే దొరని చేసింది, గనిని మిల్లు చేసింది, పాతదని చెప్పేసింది, పాతపాటని ఎవడు తప్పుపడతాడు, అంది.

అయ్యో, చిన్నప్పుడు ఆదివారం భోజనాల దగ్గర అమ్మమ్మ లేపి నిలబెట్టేది తననే కదా, పాడవే బంగారూ, తాతయ్యకి వినిపించు అని, జడలు వేలాడేసుకుని, కళ్ళు మూసుకుని, ఆయన చావు ఆయన పళ్ళెం ముందే పాడింది తను, ఆయన మొక్కజొన్న రొట్టె నములుతూ కాలితో తాళం వేసి, శెభాష్ పిల్లా, ఇవీ పాటలంటే, అనేవాడు, తన నోరు పెగలకపోతే మనవరాలి నోరు వాడుకుందా అమ్మమ్మ, ఒక్కసారి చెవిలో చెబితే ఏం పోయేది, ఆయన పోయాకైనా, మంచం పట్టి తన చెయ్యి వదలని ఆ చలికాలమైనా చెప్పకూడదా, ఎంత మోసం చేశావే అమ్మమ్మా, అనుకుంటూనే మెట్లెక్కింది.

మైకు ముందు నిలబడింది, ఎవరి పాట తల్లీ, అని ముందు వరసలోంచి ఎవరో అడిగారు, ఆ చిన్నతనంలోనే, నాన్న గని పైకప్పు కూలి చనిపోయినప్పుడు తనూ ఒక పాట కట్టింది, ఆ ఆదివారమే లేచి, తాతయ్యా ఇది నేను కట్టానని చెప్పింది, ఆయన చెంచా ఆపి, ఓహో, మనింట్లో పాటలు కూడా కడతారా, అన్నాడు, అంతే, ఎన్నడూ చెయ్యెత్తని అమ్మమ్మ చెంప పగలగొట్టింది, సిగ్గులేదూ, మనుషులు కడితే పాటలౌతాయా, నోర్ముయ్, అంది, తను నోరు మూసుకుంది, ఆ పాటలో ఒక్క పాదమైనా ఇప్పుడు గుర్తులేదు, నాన్న పాట, ఇన్నాళ్ళూ ఆ దెబ్బ తన గొప్పలకి పడిందనుకుంది, కాదు, ఆ ఇంట్లో పాట కట్టేవాళ్ళు ఉన్నారని తెలిస్తే తాతయ్య రెండో ప్రశ్న వేసేవాడు, మరి ఆ మిల్లు దొర పాట ఎవరు కట్టారే అని, అమ్మమ్మకి ఆ రోజు రెండు పాటల్లో ఒకటే దక్కే వీలుంది, ఆవిడ తన పాట దాచుకుని, నాన్న పాటని చంపేసింది.