బావగారి ఎదుట

ప్రమీలారాణి దెస్సేలో లెక్కల టీచరు. దెస్సే అంటే ఇథియోపియాలో కొండల మీది ఊరు. నూనూగు మీసాల కుర్రాళ్ళతో నిండిన క్లాసులో ఆమె గొంతు వెనక బెంచీ దాకా ఖంగుమని వినిపించేది. అదే ప్రమీలారాణి సెలవులకి తిరువూరు వచ్చి అత్తింటి గడప తొక్కగానే ఆ గొంతు కాస్తా ఎటో పోయేది. ఆ ఇంట్లో తమ్ముడి భార్య బావగారికి ఎదురుపడకూడదు. ఏదైనా చెప్పాల్సి వస్తే తలుపు వెనక నిలబడి తోడికోడలికి చెప్పాలి. ఆవిడ వెళ్ళి తన మొగుడికి చెబుతుంది. ఆయన తలుపు వైపు చూసి జవాబిస్తాడు. నోరున్న మనుషులు ముగ్గురున్నా, సంభాషణంతా ఆ తలుపుతోనే జరిగేది.

డెబ్భై మూడులో కూడా అక్కడి వానాకాలం సెలవులకే వచ్చారు. ఆమె, ఆమె భర్త దశరథరామయ్య, ఏడేళ్ళ కూతురు హైమ. దశరథరామయ్య కూడా ఆ స్కూల్లోనే సైన్సు చెబుతాడు. వచ్చిన మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా ఒక మాట అన్నాడు.

“హైమని ఈసారి ఇక్కడే వదిలేద్దాం. అన్నయ్య దగ్గరుండి చదువుకుంటుంది.”

“అదేంటి?”

“తెలుగు అక్షరం ముక్క రాదు దానికి. ఆకలేసినా, నిద్రొచ్చినా ఆ వర్కినెష్‌తో వాళ్ళ భాషలోనే చెబుతుంది. అన్నయ్యతో మాట్లాడేశాను.”

“మరి నన్నడగలేదేం?”

“ఇప్పుడు అడుగుతున్నాగా!”

వర్కినెష్ అంటే దెస్సేలో వాళ్ళింట్లో పనిచేసే మనిషి. హైమని పెంచింది ఆవిడే అన్నా తప్పులేదు. మొగుడి మాటలో కొంత నిజముందని ప్రమీలారాణికి తెలుసు. తెలిసినంత మాత్రాన కన్నకూతుర్ని వదిలేసి ఏ తల్లి విమానమెక్కుతుంది? కానీ బావగారు సరే అన్నాక ఆ ఇంట్లో ఇంకెవరూ కాదనరు. కాదనాల్సింది ఆయనే.

బావగారు వెంకటప్పయ్యకి ఎంగిలి పట్టింపు జాస్తి. దగ్గర్లోని ఎ.కొండూరులో పెళ్ళికి వెళ్ళినా తన మరచెంబు తను పట్టుకెళ్ళే మనిషి. ఒకరు నోరు పెట్టిన గ్లాసు కడిగి తెచ్చినా ముట్టుకోడు. హైమకేమో వర్కినెష్ నేర్పిన పద్ధతులే వచ్చు. దెస్సేలో అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు. ఇష్టమైన మనిషి నోటికి తమ చేత్తో ముద్ద అందిస్తారు. ఒక్కటి పెట్టి ఊరుకోకూడదు, వెంటనే ఇంకోటి పెట్టాలి. వద్దంటే అవమానం. ఇక్కడ అలాంటివి చెయ్యొద్దని పిల్లకి చెప్పమన్నాడు దశరథరామయ్య. ప్రమీలారాణి తలూపింది కానీ చెప్పలేదు. ఒక్కసారి పిల్ల ఎంగిలి చెయ్యి ఆయన మూతి దాకా వెళ్ళిందంటే చాలు, ‘ఈ పిల్ల మనింట్లో ఇమడదు, మీతోనే తీసుకుపోండి’ అంటాడని ఆమె లెక్క. లెక్కల టీచరు కదా, లెక్క తప్పదనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ భోజనానికి కూర్చున్నారు. హైమ పెదనాన్న పక్కన పీట వేసుకుంది. ఆడవాళ్ళిద్దరూ వంటింటి తలుపు వెనక ఉన్నారు. గోంగూర పప్పు కలుపుకుని రెండు ముద్దలు తిని, వేళ్ళు శుభ్రంగా నాక్కుని, ఆ చేత్తోనే ఇంకో ముద్ద చేసి వెంకటప్పయ్య నోటి ముందు పెట్టింది హైమ.

“హైమా!” అని అరిచాడు దశరథరామయ్య.

పిల్ల చెయ్యి దించలేదు. వెంకటప్పయ్య ఆ ముద్దని చూశాడు, పిల్ల పెదవికి అంటుకున్న మెతుకుని చూశాడు. తలుపు వెనక ప్రమీలారాణికి లోలోపల సంతోషం మొదలైంది.

ఆయన నోరు తెరిచాడు.

ముద్ద నమిలి మింగేలోగా రెండోది వచ్చింది. అదీ తిన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే కండువాతో తుడుచుకున్నాడు. కారమని సాకు కూడా చెప్పలేదు.

“అమ్మ పోయాక నా నోట్లో ముద్ద పెట్టినోళ్ళు లేర్రా,” అన్నాడు తమ్ముడితో. “ఇక మాట లేదు. పిల్ల నా దగ్గరే ఉంటుంది. రేపే స్కూల్లో వేయిస్తా.”

ప్రమీలారాణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన ఎత్తు తన నెత్తినే పడింది. పక్కనున్న తోడికోడలు నాగేశ్వరమ్మ చెయ్యి పట్టుకుంది.

“అక్కా, వద్దని చెప్పు. నేను వదలనంటున్నానని చెప్పు.”

నాగేశ్వరమ్మ కదల్లేదు. మళ్ళీ బతిమాలినా నోరు మెదపలేదు. ఇక ప్రమీలారాణి తనే తలుపు తోసుకుని వచ్చి బావగారి ఎదురుగా నిలబడింది.

“బావగారూ!” అంది. క్లాసు గొంతే వచ్చింది. “పిల్లని నేను వదిలి వెళ్ళనండి. అది లేని ఇంట్లో నేనుండలేను. ఉంచాలంటే నేనూ ఇక్కడే ఉంటాను. మీ తమ్ముడు ఒక్కరే వెళ్తారు.”

దశరథరామయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వెంకటప్పయ్య మరదలి ముఖం ఒక్క క్షణం చూసి, చూపు గోడ మీదికి తిప్పుకున్నాడు.

“ఏరా, పిల్ల తల్లినడక్కుండానే నాకు మాటిచ్చావా?”

తమ్ముడు కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

“సరే. తీసుకుపోండి,” అని ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ప్రమీలారాణి గర్వంగా వంటింట్లోకి తిరిగొచ్చింది.

“ఇంతేనా అక్కా? ఇన్నేళ్ళూ దీనికేనా మనం భయపడింది? అవునూ, నేనంత బతిమాలినా చెప్పలేదేం?”

నాగేశ్వరమ్మ అన్నం గిన్నె మీద మూత సర్దింది.

“పిల్లని ఉంచమని అడగమంది నేనేనే, ప్రమీలా. మీ బావ వెంటపడి అడిగించాను. నా కడుపున ఒక్కటీ నిలవలేదుగా,” అంది. ఆ గొంతులో కోపం లేదు. “నీ పిల్ల నీది. కావాలని ఎదురుగా నిలబడి అడిగావు, ఇచ్చారు. నాకు కావాలని నేనెవరి ఎదురుగా నిలబడి అడగను?”



“పెద్దమ్మా, పెరుగూ!” అని అవతల నుంచి హైమ కేకేసింది. నాగేశ్వరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, పెరుగు గిన్నె తీసుకుని వెళ్ళింది.