మా అల్లుడు మూసిన గోడ

మా ఊరి పొయ్యి వెలగాలంటే ఆ పెద్ద కన్వెన్షన్ సెంటర్లో సభ జరగాలి. సభ ఉంటే ఆటోవాళ్లు పిలిచినా పలకరు, లాడ్జీల్లో గది దొరకదు. లేకపోతే టీ కొట్టతను దారినపోయే వాళ్లని వరసలు కలిపి మరీ పిలుస్తాడు.

అంత గొప్ప చోట మా అల్లుడి పని గోడలు జరపడం. నవ్వకండి. హాల్లో పట్టాల మీద నడిచే మడత గోడలుంటాయి. వాటిని లాగి ఒక హాలుని రెండు చేస్తాడు. ఇంట్లో నీళ్ల బిందె జరపమంటే మాత్రం నడుం పట్టేస్తుంది.

ఆ రోజు పని సవ్యంగా సాగితే హాలు ఇన్‌చార్జిని చేస్తామన్నారు. మా అమ్మాయి ముందే వీధంతా చాటింది. ఒకవైపు నిద్ర డాక్టర్ల సభ, ఇంకోవైపు బ్యాండు పోటీ. నేను క్యారేజీ పట్టుకుని డాక్టర్ల వైపు వెళ్లేసరికి అల్లుడు వెనక గోడకి ఆనుకుని, మొహాన నెత్తురుచుక్క లేకుండా ఉన్నాడు.

"ఏమైంది అల్లుడుగారూ?"

"రెండో పట్టా మీద మూయాల్సింది, అలవాటుకొద్దీ మూడో పట్టా మీద మూసేశా అత్తయ్యా. చెరోవైపు ఒకటి ఉండాల్సిన స్టేజీలు రెండూ బ్యాండు వాళ్లకే పోయాయి."

"తీసి మళ్లీ మూయండి."

"ఎలా తీయను? అవతల పోటీ మొదలైపోయింది."

"మొదలైందా? నాకేం వినపడదే!"

"నాకూ అంతే. భయానికి చెవులు మూసుకుపోయాయనుకున్నా."

ఇంతలో మేనేజరొచ్చాడు. అల్లుడు తల వంచుకుని, "తప్పు నాదే సార్" అన్నాడు. మేనేజరు బయటి నుంచి చుట్టూ వెళ్లి అవతలికి తొంగిచూసి, చెవిలో వేలు పెట్టుకుని వచ్చాడు.

"అక్కడ కప్పు లేచిపోతోంది. ఇక్కడ చూడు!"

చూశాం. ఒక డాక్టరు నేల మీద నిలబడి ఏదో చదువుతున్నాడు. మిగతావాళ్లంతా హాయిగా గురక.

"గోడ భలే బిగించావయ్యా. వీళ్లు లేచేలోపు ఇక్కడో స్టేజీ వేశావా, ఇన్‌చార్జివి. ఒక్కరు లేచినా, పాత పనే."

ఇక చూడాలి మా అల్లుణ్ని! చెప్పులు నాకిచ్చి, తోటివాళ్లతో ఒక్కో బల్లా పసిపిల్లని పడుకోబెట్టినట్టు దించాడు. ముందు వరసాయన ఒకసారి కదిలాడు. మా అల్లుడు బల్ల పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. ఆయన పక్కకి ఒత్తిగిల్లాడు, అంతే. చదివే డాక్టరు చదువుతూనే పైకెక్కాడు. ఆయన ముగించగానే మేం కొట్టిన చప్పట్లకి అందరూ లేచి, స్టేజీ బాగుందన్నారు.

సాయంత్రం మా అమ్మాయి మళ్లీ వీధిలో పడింది. ఇంట్లో నేనన్నాను, "ఇన్‌చార్జిగారూ, చప్పుడు కాకుండా ఆ బిందె కాస్త జరుపుతారా?"

అల్లుడు నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.