పాతర దిగేవాడి గుండె

ఉప్పలయ్యకు తన గుండె మీద ఉన్న గర్వం అంతా ఇంతా కాదు. సూర్యాపేట చుట్టుపక్కల ఎవరి జొన్నపాతర తీయాలన్నా అతనికే కబురు వస్తుంది. పాతర దిగడమంటే మాటలా మరి! జొన్నలు పోసి, రెండేళ్లు మన్ను కప్పి మూసిన గొయ్యి అది, లోపల గాలి చచ్చి ఉంటుంది. అందుకే ముందు దీపం దించి చూస్తారు. అది ఆరితే మనిషి దిగకూడదు. ఈ మహానుభావుడు మాత్రం దీపం ఆరినా సరే, నడుముకు తాడు కట్టుకుని దిగేస్తాడు. దీపానికి గుండె ఉందా, నాకుంది గదా అంటాడు. పైన తాడు పట్టుకునేది పెళ్లాం వీరమ్మ. కింద నుంచి అతను తాడు గుంజినప్పుడల్లా ఆమెకు ప్రాణం లేచొచ్చేది.

మొన్న కోదాడలో తాడు కదల్లేదు. నలుగురు కలిసి పైకి లాగితే, నీలం పెదాలతో, నవ్వు మొహంతో వచ్చాడు మొగుడు. కాసేపటికి లేచి, కునుకు పట్టిందన్నాడు! పైగా ఎల్లుండి మిర్యాలగూడలో అంతకు రెట్టింపు పాతర ఒప్పుకున్నాడు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు అది. సూర్యాపేట దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరు లక్ష్మీనర్సయ్యకు ఒక పిచ్చి ఉండేది. పీల్చే గాలిలో ప్రాణవాయువు తగ్గుతుంటే గుండె ఏం చేస్తుందో కొలవాలి. ఆ సంగతి తెలిసి వీరమ్మ మొగుణ్ణి తెగ ఉబ్బేసింది. ఇంత గట్టి గుండెను డాక్టరు చూడకపోతే ఎట్లా అంది. లోపల మాత్రం, ఇది పనికిరాని గుండె అని ఒక్క కాగితం రాసిస్తే చాలు దేవుడా అని మొక్కుకుంది.

డాక్టరు అతని ముక్కు బిగించి, నోట్లో రబ్బరు గొట్టం పెట్టాడు. గొట్టం కొసన గాలిసంచి. విడిచిన గాలినే మళ్లీ పీల్చాలి. మధ్యలో ఉన్న సున్నం డబ్బా చెడుగాలిని మింగేస్తుంది కాబట్టి ఊపిరాడనట్టు అనిపించదట. మణికట్టుకు పట్టీ కట్టారు, మసి పూసిన కాగితం మీద సూది నాడిని గీస్తోంది. డాక్టరు బల్ల మీద తట్టినప్పుడల్లా తాడు గుంజి గంట మోగించాలి, పాతరలో గుంజినట్టే.

డెబ్బై ఉన్న నాడి నూట ఇరవైకి ఎగిరింది. గాలి తగ్గిందని గుండె దానంతటదే కనిపెట్టి పరుగెత్తింది, బ్రహ్మాండమైన గుండె అని డాక్టరు మురిసిపోయాడు. వీరమ్మ నోట్లో మన్ను పడింది. అయితే పన్నెండుసార్లు తడితే గంట మోగింది అయిదుసార్లే. ఆపైన ఉప్పలయ్య చిద్విలాసంగా కూర్చున్నాడంతే. గుండెకు తెలిసింది గాని మనిషికే తెలియలేదన్నాడు డాక్టరు.

ఉప్పలయ్య ఒప్పుకుంటేగా! పన్నెండూ కొట్టాడట. ఇద్దరూ కూడబలుక్కుని అబద్ధమాడుతున్నారట.

వీరమ్మకు ఒళ్లు మండింది. "లే, నేను కూసుంట. నువ్వే లెక్కవెట్టు" అంది.

డాక్టరు కొంచెం తటపటాయించి, గొట్టం అందించాడు.

మొదటి తట్టుకు గట్టిగా గుంజింది. రెండోదానికీ గుంజింది. ఇందులో ఏముందని ఇంత రాద్ధాంతం? కాసేపటికి డాక్టరు మీసం ఒకవైపు పొడుగ్గా ఉన్నట్టు కనిపించింది. అబ్బ, ఎంత ముద్దొచ్చే మీసం! కిటికీ ముద్దొచ్చింది, సున్నం డబ్బా ముద్దొచ్చింది. ఇరవయ్యేళ్లుగా సతాయిస్తున్న మొగుడు కూడా ముద్దొచ్చాడు. ఒళ్లంతా దూదిలా తేలిపోతోంది. తాడు గుంజుతూనే ఉంది, గంట ఎంత కమ్మగా మోగుతోందో! మిర్యాలగూడ పాతరా? దిగనీ, తనూ దిగుతుంది, ఇద్దరూ జొన్నల మీద పడి దొర్లుతారు.

ఎవరో గొట్టం ఊడబెరికారు. చూస్తే ఉప్పలయ్య.

"నడుమల ఎందుకు పీకినవ్? మంచిగ కొడుతున్న గద" అని విసుక్కుంది వీరమ్మ.

అతను గొట్టాన్ని దూరంగా విసిరికొట్టాడు. "నాలుగే కొట్టినవే. పేరు వెట్టి పిలిస్తె పలుకలే. పెదాలు నీలమైనయ్, నవ్వుకుంట నన్నే సూస్తున్నవ్."

వీరమ్మ తన చేతి వంక చూసుకుంది. తాడు ఎప్పుడో కింద పడిపోయి ఉంది.

"కోదాడల నేను గిట్లనే నవ్విన్నా?" అన్నాడు ఉప్పలయ్య.

"గిట్లనే. నువ్వు నవ్వుకుంట పోతుంటివి, పైన నా పానం పోతుండె."

ఉప్పలయ్య ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు. ఇంత భయం అతని మొహంలో ఆమె ఎన్నడూ చూడలేదు. "గాలి ఆడేదాక ఇగ ఏ పాతర దిగనే. నీ మీద ఒట్టు" అన్నాడు.

వీరమ్మ పకపకా నవ్వింది. నవ్వు ఆగదే! కళ్ల నీళ్లు కారుతున్నా ఆగదే! సంచిలో గాలి ఇంకా తలకెక్కి ఉందేమోనని డాక్టరు కంగారుపడి ఆమె నాడి పట్టుకున్నాడు. అది నిమ్మళంగా డెబ్బై కొట్టుకుంటోంది.