పిన్ని గోడ కిందికి నీళ్ళు

మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసే అక్కకు బంకమట్టి మొండితనం బాగా తెలుసు. పంపుతో ఎంత లాగినా అది ఓ పట్టాన నీరు వదలదు. ఇనుప కడ్డీలు పాతి కరెంటు పంపితే మాత్రం ప్లస్ కడ్డీల నుంచి మైనస్ కడ్డీల వైపు నీరు మెల్లగా కదులుతుంది. అలా చేరిన నీటిని తోడేస్తుంటే మట్టి గట్టిపడుతుంది.

బిల్డరైన తమ్ముడి పునాది గోతిలో గట్లు జారిపోతుంటే ఈ ఉపాయం చెప్పింది ఆమే. పక్కిల్లు పిన్నిది. తల్లి పోయాక ఇద్దర్నీ పెంచిన మనిషి. అందుకే మైనస్ కడ్డీలు రోడ్డు వైపే పాతాలనీ, అక్కడే గుంట తవ్వి నీళ్ళు తోడాలనీ తమ్ముడికి ఒకటికి పదిసార్లు చెప్పింది. అతను బుద్ధిగా తలూపాడు.

కొన్ని వారాలకు పిన్ని ఫోన్ చేసింది. వంటింటి తలుపు పడటం లేదట, గోడ బీటలిచ్చిందట. గొంతులో మునుపటి చనువు లేదు.

అక్క పరుగున వెళ్ళింది. వంటింటి గచ్చంతా చెమ్మ. కరెంటు ఆపించి, పిన్ని గోడ పక్కనున్న కడ్డీ పీకించింది. చెక్కుచెదరలేదు. రోడ్డు వైపుది తుప్పు తినేసి పుల్లలా వచ్చింది. అలా అరిగేది ప్లస్ కడ్డీలే. వైర్లు తారుమారు చేసి, నీళ్ళన్నీ పిన్ని గోడ కిందికి తోలారన్నమాట.

“అక్క అంతా చూసుకుంది, నీ గోడకేం కాదు అన్నాడే వాడు,” అంది పిన్ని. “నీ పేరు చెప్పాడనే ఊరుకున్నాను.”

తమ్ముడు వచ్చి, రోడ్డు తవ్వడానికి అనుమతి రాలేదనీ, పని ఆగితే మునిగిపోతాననీ, గోడ తర్వాత కట్టించి ఇద్దామనుకున్నాననీ చెప్పుకొచ్చాడు.

“నా పేరెందుకు వాడావురా?”

“నీ మాటైతేనే నమ్ముతుంది కదక్కా.”

ఆ జవాబుకు బదులు ఏదో అబద్ధం చెప్పినా బాగుండేదనిపించింది ఆమెకు.

మర్నాడు మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి తనే ఫిర్యాదు చేసింది. పని ఆగింది. గోడకు దుంగలు ఆనించారు. తన పొట్ట కొట్టిందని తమ్ముడు బంధువులందరికీ చెప్పాడు.

అక్క పిన్నిని తన ఇంటికి తెచ్చుకుంది. ఒకరోజు కాఫీ తాగుతుండగా, గోడ ఇంకేమీ వాలలేదని అక్క చెప్పింది.

“నిజంగానేనా? నన్ను ఊరుకోబెట్టడానికా?”

అక్క లేచి, స్కూటరు తాళం తీసుకుని, పిన్నిని ఎక్కించుకుని, గోడ చూపించడానికి తీసుకెళ్ళింది.