వంకర కుట్టు

పొద్దున షాపుకొచ్చేసరికి నా మిషను మీద ఒక నీలం చొక్కా ఉంది. చీటీ లేదు, పేరు లేదు. కుట్లు చూస్తే పాము పాకినట్టు వంకరలు పోయాయి. ఎవరో కస్టమరు వేరేచోట పాడుచేయించుకుని, సరిచేయమని పడేసి పోయాడనుకున్నాను. "ఏ దద్దమ్మ కుట్టాడో!" అని తిట్టుకుంటూ ఆ కుట్లన్నీ విప్పిపారేశాను. గుండీలు మాత్రం ముచ్చటగా ఉన్నాయని వదిలేశాను.

భోజనాలయ్యాక గుండీల పిన్ని నా దగ్గరకొచ్చింది. మా షాపులో గుండీలు కుట్టడమే ఆవిడ పని. ఇన్నేళ్లలో మిషను తొక్కిన పాపాన పోలేదు.

"అబ్బాయ్, ఇవాళ నీ పుట్టినరోజు కదా. ఊళ్లో అందరికీ నువ్వు కుడతావు, నీకెవరు కుడతారని, నెలరోజులుగా పక్కింటివాళ్ల మిషను మీద కుస్తీ పట్టాను. వేసుకు చూశావా?"

ఆ చొక్కా ముక్కలు నా బల్ల కిందే ఉన్నాయి.

"అతికినట్టు సరిపోయింది పిన్నీ," అన్నాను.

"అయితే రేపు వేసుకొచ్చి చూపించు."

ఆవిడ అటు వెళ్లగానే కుట్టడానికి కూర్చున్నాను. ఆ వంకరలే మళ్లీ తెద్దామని ఎంత తంటాలు పడ్డా, నా పాడు చెయ్యి తిన్నగానే పోయింది.

మర్నాడు పిన్ని నా చొక్కా పక్క కుట్టు మీద వేలు పెట్టి, కింద నుంచి చంక దాకా తడిమింది. తర్వాత గుండీలు ఒక్కొక్కటే తడిమింది.

"గుండీలు మాత్రం నావే నాయనా," అంది.