అందరూ ఎల్లాజీలే

చింతపండు నానబెట్టి వచ్చి లాప్‌టాప్ చూసేసరికి, మా తరగతి పిల్లలందరి పేర్లూ ఎల్లాజీ అయిపోయాయి.

పొందూరులో మా హైస్కూలుకి వెబ్‌సైట్ కావాలని హెడ్మాస్టరు కూర్మయ్యగారు ఆ పని నాకు అప్పగించారు. "ఇంటికెళ్ళి సేసీదేటుంది మేడమ్ మీకిప్పుడు?" అన్నారు. నొప్పించాలని కాదు. మావారు పోయి ఇంకా ఏడాది కాలేదు. ఖాళీ ఇల్లంటే ఖాళీ సమయమని ఆయన లెక్క. నేను కాదనలేదు. ఏదో ఒకటి తెలుసుకుంటూ కూర్చుంటే సాయంత్రాలు కాస్త తేలిగ్గా గడుస్తున్నాయి.

బదిలీ దరఖాస్తుకి రేపే గడువు. మా అత్తవారి ఊరు సాలూరుకి పెట్టుకోమని మరిది దేవేంద్ర రోజూ ఫోన్ చేస్తున్నాడు. అత్తయ్య మంచాన పడ్డారు. "మా ఆవిడికి నడుం పట్టీసింది వొదినా, నువ్వొచ్చీస్తే సరి" అంటాడు. నేనింకా ఏమీ చెప్పలేదు.

స్కూల్లో కంప్యూటర్లు నేర్పే రేఖకి వీడియో కాల్ చేసి తెర చూపించాను. పకపకా నవ్వింది. ప్రోగ్రాములో క్లాస్ అంటే అచ్చులాంటిదని, అందులోంచి చేసిన ఒక్కొక్కరూ ఒక్కో ఇన్‌స్టెన్స్ అని అంతకుముందే చెప్పింది.

"పేరుని స్టాటిక్‌లో పెట్టీసేరు మేడమ్. అది అచ్చు మొత్తానికీ ఒక్కటే ఉంటాది. ఆకర్న ఎవులిది రాస్తే అందరికీ అదే. మన ఎల్లాజీగాడు ఆకర్న ఉన్నాడు మరి!"

సరిచేశాను. ఎవరి పేర్లు వాళ్ళకి వచ్చాయి. ఆ వెంటనే ఇంకో తప్పు చేశాను. బడి వేళలు చెప్పే మెథడ్‌ని, అంటే ఆ పని చేసిపెట్టే కోడు ముక్కని, స్టాటిక్‌గా రాసి, అందులో "దిస్" అని వాడాను. పేజీ ఆగిపోయింది.

"దిస్ అంటే ఈ పిల్లోడు అని కదా మేడమ్. స్టాటిక్ మెథడ్‌ని అచ్చు పేరుతోటే పిలుస్తాం. ఒక్క పిల్లోణ్ణీ తయారు సెయ్యక్కర్లేదు. మరి దిస్ అంటే ఎవులు? అక్కడెవులున్నారు?"

"ఎవరూ లేకుండా పనెలా జరుగుతుంది?"

"జరిగిపోతాది మేడమ్. ఆ పనికి ఫలానా మనిషి అక్కర్లేదు."

ఫోన్ పెట్టేశాక ఆ మాట దగ్గరే ఉండిపోయాను. సాలూరులో మా అత్తవారి అరుగు మీంచి "టీ!" అని కేక వచ్చేది. పేరుండదు. వంటగదిలో అత్తయ్య ఉంటే అత్తయ్య, తోటికోడలు ఉంటే తోటికోడలు, నేనుంటే నేను. కప్పు మాత్రం అరుగు మీదకి వెళ్ళిపోయేది. ఆ ఇంటి మగవాళ్ళు భార్యల్ని పేరుపెట్టి పిలవరు. అదొక మర్యాద అనుకునేదాన్ని. నాకు జ్వరమొచ్చిన రోజు మావారు "రసం వేరేగా ఉన్నాదేటి?" అన్నారు. ఆ రసం ఎవరు పెట్టారో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే కోపం రాలేదు. ఇన్నాళ్ళూ నేను లోపలుండి తిరిగిన యంత్రాన్ని మొదటిసారి మూత తీసి చూసినట్టుంది.

చివరి రోజుల్లో, ఆస్పత్రిలో ఒక మధ్యాహ్నం మావారు "పద్మా" అన్నారు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. మంచినీళ్ళా అంటూ లేచాను. వద్దన్నట్టు తలూపారు. దిండు సర్దనా అన్నాను. అదీ వద్దన్నారు. ఏ పనీ లేకుండా, నన్నే పిలిచారు.

పులుసు మరుగుతుండగా దేవేంద్ర ఫోన్.

"వొదినా, పెట్టేవా? రేపే ఆకరు."

"అత్తయ్య నన్ను రమ్మన్నారా?"

"అమ్మకేటి, ఎవులో ఒకలు అన్నం కలిపి పెడితే సాలు. నువ్వయితే ఇంటిమనిషివి. పిల్లా జెల్లా లేరు, నీకేటి అడ్డం?"

"ఎవరో ఒకరు చాలంటే మనిషిని కుదుర్చుకుందాం. నేనే కావాలంటే నన్ను అడగాలి."

అటువైపు లారీ హారన్ వినబడింది. ఫోన్ పట్టుకుని పక్కకి నడిచినట్టున్నాడు.

"రెండూ ఒకటే కదొదినా?" ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే తెలియక అడిగాడు.

"కాదు దేవేంద్రా. బదిలీ పెట్టడం లేదు. ఆదివారం వస్తాను. పక్కన ఎవరుండాలని ఉందో అత్తయ్యనే అడుగుతాను. ఆవిడనీ ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేరు."